తీగ చివర వోల్టేజి ఎంత?

న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం 1882 సెప్టెంబరు 4న పని మొదలుపెట్టింది. ఆ పేట వీధుల్లో రాగి తీగలు పాతిపెట్టకముందే, మెన్లో పార్క్ ప్రయోగశాలలో ఆ వీధులన్నిటికీ ఒక నమూనా తయారైంది. దాన్ని కట్టినవాడు హెర్మన్ క్లాడియస్, ఆస్ట్రియా టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసి వచ్చినవాడు. చెక్క బల్లల మీద వీధికొక సన్నని తీగ, ఇళ్లకు బదులు చిన్న చిన్న తీగ చుట్టలు, మొదట్లో ఒక బ్యాటరీ. ఏ మూల ఎన్ని దీపాలు వెలిగితే ఎక్కడ వోల్టేజి ఎంత పడిపోతుందో ఆ బల్లల మీద కొలిచారు. దాన్ని బట్టి అసలు వీధిలో ఎంత లావు రాగి వెయ్యాలో నిర్ణయించారు.

అంత శ్రమ ఎందుకంటే రాగి ఖరీదు. 110 వోల్టుల డైరెక్ట్ కరెంటు తీగలో కొద్ది దూరం పోగానే నీరసిస్తుంది. కేంద్రం పక్కన ఉన్న దీపం కళ్లు చెదిరేలా, వీధి చివర దీపం నూనె అయిపోయిన దివ్వెలా వెలిగితే ఎవరూ డబ్బు కట్టరు. అన్ని చోట్లా లావు తీగలే వేస్తే కంపెనీ మునిగిపోతుంది. అందుకే ఎడిసన్ ఫీడర్ పద్ధతి కనిపెట్టాడు. కేంద్రం నుంచి పేట నడుమ దాకా ఫీడరు లాగి, అక్కడి నుంచి ఇళ్లకు వేరే తీగలతో పంచడం ఈ పద్ధతి. దీంతో రాగి ఎనిమిదో వంతుకు తగ్గిందని లెక్క కట్టారు. కానీ కొత్త చిక్కు వచ్చింది. ఫీడరు చివర వోల్టేజి ఎంత ఉందో కేంద్రంలో కూర్చున్నవాడికి ఎలా తెలియాలి? దానికి ఫీడరు చివరి నుంచి ఒక సన్నని తీగను మళ్లీ వెనక్కి, కేంద్రం దాకా లాక్కొచ్చి మీటరుకు తగిలించారు. పెర్ల్ స్ట్రీట్‌లో ఒక సూచిక కూడా ఉండేది. వోల్టేజి పెరిగితే ఎర్ర దీపం, తగ్గితే నీలి దీపం వెలిగేవి. మనిషి నిలబడి చక్రం తిప్పి సరిచేసేవాడు.

వెనక్కి లాక్కొచ్చిన ఆ సన్నని తీగే ఈ కథకు మూలం. కరెంటు పంపేవాడికి, అది చేరే చోట ఏం జరుగుతోందో తెలియాలి. తెలియకపోతే కనీసం నమ్మదగిన అంచనా ఉండాలి. విద్యుత్ వ్యవస్థ పెరిగిన ప్రతిసారీ ఆ తెలివిడి వెనకబడింది. చాలాసార్లు ఒక పెద్ద చీకటి పడ్డాకే దాన్ని సరిదిద్దుకున్నారు. ఇప్పుడు ఇంటి కప్పుల మీద సోలార్ పలకలు వచ్చి కరెంటు తీగ చివర్లోనే పుడుతున్న రోజుల్లో, ఆ వెనకబాటు మళ్లీ కనిపిస్తోంది.

ఆల్టర్నేటింగ్ కరెంటు వచ్చాక కొలవాల్సినవి పెరిగాయి. వోల్టేజి ఒక్కటే చాలదు. ఫ్రీక్వెన్సీ కావాలి, తరంగం ఏ క్షణాన ఎక్కడ ఉందో చెప్పే ఫేజ్ కోణం కావాలి. ఫ్రీక్వెన్సీ విషయంలో విద్యుత్ కేంద్రాలు ఎంత పొరపడ్డాయో చెప్పినవాడు ఒక గడియారాల మనిషి. బోస్టన్ దగ్గర హెన్రీ వారెన్ గోడకు తగిలించి కరెంటుతో నడిపే గడియారం తయారుచేశాడు. సెకనుకు 60 ఆవృత్తాలు వస్తే అది సరైన సమయం చూపాలి. చూపలేదు. తప్పు గడియారంలో లేదు, కరెంటులో ఉంది. 60 ఇస్తున్నామని అనుకుంటున్న కేంద్రం నిజానికి 60 ఇవ్వడం లేదు. 1916 అక్టోబరులో వారెన్ బోస్టన్ ఎడిసన్ కంపెనీ కేంద్రంలో ఒక మాస్టర్ గడియారం పెట్టించాడు. దానికి రెండు ముళ్లు. ఒకటి లోలకంతో నడిచేది, రెండోది అక్కడి కరెంటుతో నడిచేది. రెండూ ఒకదాని మీద ఒకటి ఉండేలా చూసుకోవడం ఆపరేటరు పని. వాడుకదారు గోడ మీది చిన్న పరికరం కేంద్రంలోని పెద్ద యంత్రం తప్పు పట్టిందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఇక ముందు కథలో ఇది మళ్లీ ఎదురవుతుంది.

మొదటి రోజుల్లో ప్రతి ఊరికీ దాని కేంద్రం దానిదే. హైదరాబాద్‌కు హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ కేంద్రం వచ్చింది. చిన్న పట్టణాల్లో డీజిల్ యంత్రాలు తిరిగేవి. కరెంటు పుట్టే చోటు, వాడే చోటు కూతవేటు దూరంలో ఉండేవి కనుక ఆపరేటరు కిటికీలోంచి చూసి వీధి దీపాల వెలుగు బట్టి వోల్టేజి చెప్పగలిగేవాడు. తర్వాత కరెంటు కొండల్లోకి, బొగ్గు గనుల దగ్గరికి వెళ్లిపోయింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి మైదానాలకు లైన్లు దిగాయి. ఊళ్లు, జిల్లాలు, రాష్ట్రాలు ఒక్కొక్కటిగా కలిశాయి. గ్రిడ్ పుట్టింది. ఇక కిటికీలోంచి చూస్తే ఏమీ తెలియదు.

కలిసిన లైన్లలో కరెంటు ఏ దారిన పోతుందో కాగితం మీద లెక్కించడం మామూలు పని కాదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో 1919లో చేరిన ఎడిత్ క్లార్క్, పొడవాటి లైన్ల లెక్కలు త్వరగా తేలేందుకు ఒక గ్రాఫ్ కాలిక్యులేటర్ తయారుచేసి 1925లో పేటెంట్ తీసుకుంది. మూడు ఫేజుల లెక్కను రెండుగా మార్చే ఆమె సూత్రం ఈనాటి త్రీఫేజ్ సోలార్ ఇన్వర్టర్ల లోపలి ప్రోగ్రాముల్లో కూడా నడుస్తోంది. సోలార్ పలకల గురించి రాసే పుస్తకాలు ఆమెను ఇంకాస్త గట్టిగా తలచుకోవాలి.

1929లో ఎంఐటీలో హెరాల్డ్ హేజెన్ బృందం, జనరల్ ఎలక్ట్రిక్‌తో కలిసి క్లాడియస్ బల్లకు పెద్దన్నను తయారుచేసింది. పేరు నెట్‌వర్క్ అనలైజర్. ఒక గది నిండా అలమరాలు, వాటిలో తీగ చుట్టలు, కెపాసిటర్లు, చిన్న చిన్న జనరేటర్లకు మారుగా నిలిచే పరికరాలు. ఒక రాష్ట్రమంత గ్రిడ్‌ను ఆ గదిలో చిన్నది చేసి కట్టి, ఎక్కడ ఎంత వోల్టేజి ఉందో మీటరుతో చూసేవారు. కంపెనీల ఇంజనీర్లు తమ సమస్యలు పట్టుకుని వచ్చి అక్కడ రోజుల తరబడి కూర్చునేవారు. 1956లో వార్డ్, హేల్ అనే ఇద్దరు అదే లెక్కను డిజిటల్ కంప్యూటర్‌తో చేసే పద్ధతి ప్రచురించారు. 1967లో బోనెవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్‌లో టిన్నీ, హార్ట్ న్యూటన్ పద్ధతితో దాన్ని వేగవంతం చేశారు. నెట్‌వర్క్ అనలైజర్ల కాలం ముగిసింది.

అయితే ఇవన్నీ ‘ఇలా ఉంటే ఏమవుతుంది’ అనే లెక్కలు. ‘ఈ నిమిషంలో ఎలా ఉంది’ అనే ప్రశ్నకు జవాబు లోడ్ డిస్పాచ్ గదుల్లో టెలిఫోను ద్వారానే వచ్చేది. మన సబ్‌స్టేషన్లలో ఆ పద్ధతి చాలా కాలం నడిచింది. షిఫ్ట్ ఆపరేటరు గంటకొకసారి మీటర్ల ముందు నడుస్తూ లాగ్‌షీట్‌లో రీడింగులు రాసేవాడు. హైటెన్షన్ తీగల మీదే మాట పంపే క్యారియర్ ఫోను ఎత్తి వాటిని పై కేంద్రానికి చెప్పేవాడు. గంట క్రితం సంగతిని చూస్తూ ఇప్పటి గ్రిడ్‌ను నడపడమన్నమాట.

1965 నవంబరు 9 సాయంత్రం 5 గంటల 16 నిమిషాలకు, నయాగరా దగ్గర ఆడమ్ బెక్ కేంద్రం నుంచి టొరంటో వైపు వెళ్లే లైన్లలో ఒకదాని మీద, లోడు హద్దు దాటితే లైనును విడదీసే రిలే పనిచేసి లైను కట్ అయింది. ఆ రిలేను కొన్నేళ్ల కిందట తక్కువ లోడుకు సెట్ చేశారు. తర్వాత లైను మీద లోడు పెరిగింది గానీ సెట్టింగు మారలేదు. నియంత్రణ గదిలో ఉన్నవాళ్లకు ఆ హద్దు సంగతే తెలియదు. ఒక లైను పోతే మిగతా నాలుగింటి మీదికి బరువు పడింది, రెండు మూడు సెకన్లలో అవీ పోయాయి. టొరంటోకు పోవాల్సిన కరెంటంతా వెనక్కి తిరిగి న్యూయార్క్ రాష్ట్రం మీద పడింది. సుమారు 3 కోట్ల మంది చీకట్లో ఉండిపోయారు, కొన్ని చోట్ల 13 గంటల దాకా.

విద్యుత్ చరిత్రలో ఈ చీకటికి ఉన్నంత ఫలితం మరే చీకటికీ లేదు. అప్పటికే కొత్త మీటర్లు, దూరం నుంచి రీడింగులు పంపే టెలిమెట్రీ వస్తున్నాయి. వాటిని కంప్యూటర్‌కు ఎక్కించి కరెంటు ఏ దారిన పోతోందో చెప్పే లోడ్ ఫ్లో లెక్క వేద్దామంటే లెక్క తెగేది కాదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక సబ్‌స్టేషన్‌లోకి 100 మెగావాట్లు వస్తున్నాయని ఒక మీటరు చెప్పింది. బయటికి మూడు లైన్లలో 40, 35, 31 పోతున్నాయని మిగతా మూడు చెప్పాయి. పోయేది 106. వచ్చిన దానికన్నా ఎక్కువ ఎలా పోతుంది? మీటర్లన్నీ కొద్ది కొద్దిగా తప్పు చెబుతూ ఉండవచ్చు. లేదా మూడు నిజమే చెబుతూ ఒకటి పూర్తిగా పాడైపోయి ఉండవచ్చు.

ఎంఐటీకి చెందిన ఫ్రెడ్ ష్వెప్పి ఈ ముడి విప్పారు. ఆయన విద్యుత్ రంగం మనిషి కారు. లింకన్ లాబొరేటరీలో రాడార్ సంకేతాల మీద పనిచేసి వచ్చారు. గోల మధ్య నుంచి అసలు సంకేతాన్ని ఏరడం ఆయనకు అలవాటైన విద్య. 1970 జనవరిలో సహచరులతో కలిసి మూడు భాగాల వ్యాసం ప్రచురించారు. అందులో ఆయన చెప్పింది వింటే తేలిగ్గానే ఉంటుంది. ఏ మీటరునూ పూర్తిగా నమ్మొద్దు, దేన్నీ పూర్తిగా కొట్టిపారెయ్యొద్దు. గ్రిడ్‌లో ప్రతి చోటా ఉండే వోల్టేజి, దాని ఫేజ్ కోణం ఈ రెండే అసలు తెలుసుకోవాల్సినవి. ఓమ్ నియమానికి, కిర్చాఫ్ నియమానికి లోబడి, మీటర్లన్నిటి మాటలకూ మొత్తం మీద అతి దగ్గరగా వచ్చే వోల్టేజీలు, కోణాలు ఏవో లెక్కించండి. కచ్చితమైన మీటరు మాటకు ఎక్కువ విలువ, పాత మీటరు మాటకు తక్కువ విలువ. అలా లెక్క తేలాక ఏ మీటరు మాట మాత్రం బాగా ఎడంగా ఉండిపోతుందో దాన్ని అనుమానించి పక్కన పెట్టి, లెక్క మళ్లీ వెయ్యండి. రచ్చబండ దగ్గర పదిమంది సాక్షులను విని, వాళ్ల మాటలను ఒకదానితో ఒకటి సరిచూసి, అబద్ధాలాడేవాణ్ని పట్టే పెద్దమనిషి తీరు ఇదే. సాక్షులు ఎంత మంది ఉంటే అబద్ధం అంత తేలిగ్గా బయటపడుతుంది. అందుకే అవసరానికి మించి మీటర్లు ఉండడం వృథా కాదని ష్వెప్పి గట్టిగా చెప్పారు.

దీనికి వాడిన గణితం మాత్రం కొత్తది కాదు. 1801 జనవరి 1న పలెర్మోలో పియాజ్జి సెరెస్ అనే చిన్న గ్రహాన్ని కనిపెట్టాడు. 41 రోజులు గమనించాక అది సూర్యుడి వెలుగులో కలిసిపోయింది. ఆ కొద్దిపాటి, తప్పులతో కూడిన కొలతల నుంచే 24 ఏళ్ల గాస్ దాని కక్ష్యను లెక్కగట్టాడు. ఆ ఏడాది డిసెంబరు 31న సరిగ్గా అతను చెప్పిన చోటి దగ్గరే సెరెస్ మళ్లీ దొరికింది. గాస్ చేతిలో ఉన్న కనిష్ఠ వర్గాల పద్ధతిని లెజాండ్ర్ 1805లో, గాస్ 1809లో ప్రచురించారు. తప్పిపోయిన గ్రహాన్ని వెతికిన లెక్కే గ్రిడ్ స్థితిని వెతికే లెక్క అయింది. ఇంజనీర్లు దీన్ని స్టేట్ ఎస్టిమేషన్ అంటారు. అమెరికన్ ఎలక్ట్రిక్ పవర్ కంపెనీలో డొపాజో బృందం, బోనెవిల్‌లో టిన్నీ తదితరులు అదే కాలంలో దీన్ని ఆచరణలోకి దించే పనిలో ఉన్నారు. ఒక తరం గడిచేసరికి పెద్ద కంట్రోల్ రూములన్నిటిలో ఇది ఉండాల్సిందే అయింది.

ఉండడం వేరు, నడుస్తూ ఉండడం వేరు. 2003 ఆగస్టు 14న అమెరికాలో అది తేలింది. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 15 నిమిషాలకు మిడ్‌వెస్ట్ ప్రాంత గ్రిడ్‌ను చూసే ఎంఐఎస్‌ఓ సంస్థలో ఎస్టిమేటర్ లెక్క తేలలేదు. ఇండియానాలో ఒక 230 కిలోవోల్టుల లైను ఆగిపోయిందన్న సంగతి దానికి అందలేదు. ఒక విశ్లేషకుడు ఆ లోపాన్ని సరిచేశాడు. సరిచేసేటప్పుడు ఐదు నిమిషాలకోసారి తనంతట తాను నడిచే ఏర్పాటును ఆపి, మళ్లీ మొదలుపెట్టడం మరచి భోజనానికి వెళ్లాడు. తిరిగి దాన్ని గమనించేసరికి ఒహాయోలో మరో పెద్ద లైను కూలింది. ఆ సంగతీ ఎస్టిమేటర్‌కు తెలియలేదు కనుక లెక్క మళ్లీ తేలలేదు. ఈలోగా ఫస్ట్‌ఎనర్జీ కంపెనీలో అలారాలు మోగించే వ్యవస్థ కూడా 2 గంటల 14 నిమిషాలకే నిలిచిపోయింది, ఆపరేటర్లకు ఆ సంగతి తెలియదు. సాయంత్రం 4 దాటాక గొలుసుకట్టు మొదలై నిమిషాల్లో 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒక విశ్లేషకుడి మరపును తప్పు పట్టడం తేలిక. కానీ ఒక కంపెనీ లైను ఆగిన సంగతి పక్క కంపెనీకి అందకపోవడమే అసలు జబ్బు.

లెక్క వెయ్యకుండా ఫేజ్ కోణాన్ని నేరుగా కొలిచే పరికరం అప్పటికే తయారై ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి అమెరికా వెళ్లిన అరుణ్ ఫడ్కే, జేమ్స్ థార్ప్‌తో కలిసి చేసిన కృషి ఫలితంగా 1988లో వర్జీనియా టెక్‌లో ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్ రూపొందింది. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాన్ని ఆసరా చేసుకుని వందల కిలోమీటర్ల దూరంలోని రెండు సబ్‌స్టేషన్లలో ఒకే క్షణాన వోల్టేజి తరంగం ఎక్కడ ఉందో ఇది చెబుతుంది. 50 హెర్ట్జ్ గ్రిడ్‌లో ఒక మైక్రోసెకను తేడా అంటే 0.018 డిగ్రీ మాత్రమే.

మన దేశానికి అలాంటి పాఠం 2012 జులైలో వచ్చింది. 30వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను తెగడంతో ఉత్తర గ్రిడ్ కూలింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. సుమారు 60 కోట్ల మంది నివసించే ప్రాంతం అది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కారణం, దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే తాళంలో నడవడం లేదు. విశాఖపట్నం దగ్గర గాజువాకలో, రామగుండం అవతల భద్రావతిలో ఉన్నటువంటి, ఏసీని డీసీగా మార్చి మళ్లీ ఏసీగా మార్చే కేంద్రాల ద్వారానే కరెంటు ఇచ్చిపుచ్చుకునేవారు. ఆ కంచె అవతలి అల ఇవతలికి రాలేదు. విచారణ సంఘం ఇచ్చిన సిఫారసుల్లో ఫేజర్ కొలతలు, మరింత వేగవంతమైన స్టేట్ ఎస్టిమేషన్ కూడా ఉన్నాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది కూడా దేశ గ్రిడ్‌లో కలిసింది. ఆ తర్వాత మనకు ఆ కంచె లేదు.

ఇంతవరకూ కథంతా పెద్ద లైన్లది. కరెంటు పైన పుడుతుంది, కిందికి ప్రవహిస్తుంది, కింద ఉన్నవాడు వాడుకుంటాడు అన్నదే ఈ లెక్కలన్నిటి వెనుక ఉన్న నమ్మకం. ఆ నమ్మకం ఐరోపాలో ముందుగా సడలింది.

2006 నవంబరు 4 రాత్రి, జర్మనీలోని పాపెన్‌బర్గ్ నౌకానిర్మాణ కేంద్రం నుంచి నార్వీజియన్ పర్ల్ అనే విహార నౌక ఎమ్స్ నది మీదుగా సముద్రానికి బయలుదేరాలి. దాని ఎత్తుకు నది మీది 380 కిలోవోల్టుల తీగలు ప్రమాదం కనుక ఆ లైను కాసేపు ఆపేశారు. ముందు అనుకున్న సమయం కన్నా కొన్ని గంటల ముందుకు జరిపారు, ఆ మార్పుకు తగ్గ లెక్క సరిగా వెయ్యలేదు. కరెంటు పక్క లైన్ల మీద పడింది. వాటిలో ఒక లైనుకు రెండు చివర్లలో రెండు కంపెనీలు, ఆ రెంటి సెట్టింగులూ వేర్వేరు. ఒకరి హద్దు ఎంతో మరొకరికి తెలియదు. రాత్రి 10 గంటల 10 నిమిషాలకు ఆ లైను కట్ అయింది. క్షణాల్లో ఐరోపా గ్రిడ్ మూడు ముక్కలైంది. కోటిన్నర ఇళ్లకు కరెంటు పోయింది.

అసలు సంగతి ఆ తర్వాతి అరగంటలో ఉంది. ఈశాన్య ముక్కలో కరెంటు మిగిలిపోయి ఫ్రీక్వెన్సీ 51 దాటింది. ఆ ప్రాంతంలోని గాలిమరలు చాలావరకు వాటంతట అవే ఆగిపోయాయి, అది మేలే చేసింది. ఫ్రీక్వెన్సీ కాస్త దిగగానే అవి ఎవరినీ అడగకుండా మళ్లీ అందుకున్నాయి. లైన్ల మీద బరువు మళ్లీ పెరిగింది. పశ్చిమ ముక్కలో కరెంటు చాలక ఫ్రీక్వెన్సీ 49 దాకా పడితే, అక్కడి గాలిమరలు సరిగ్గా కావలసిన వేళ ఆగిపోయాయి. కంట్రోల్ రూముల్లో ఉన్నవాళ్లకు ఏ మూల ఎన్ని మరలు తిరుగుతున్నాయో, ఎన్ని ఆగాయో కనిపించలేదు. అవి చిన్న లైన్లకు తగిలించినవి, వాటికి టెలిమెట్రీ లేదు. నలభై నిమిషాల లోపే మూడు ముక్కలనూ కలపగలిగారు. అందులో ఆపరేటర్ల నేర్పు ఎంతో, అదృష్టమూ అంతే ఉంది.

జర్మనీకి ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇళ్ల కప్పుల మీద పొంచి ఉంది. ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటితే సోలార్ ఇన్వర్టర్లన్నీ వెంటనే ఆగాలని అక్కడ నిబంధన ఉండేది. పలకలు తక్కువగా ఉన్నప్పుడు రాసిన నియమం అది. అవి లక్షలైనాక లెక్కేస్తే, ఎండ వేళ ఒకసారి ఆ గీత దాటితే ఐరోపా అత్యవసరానికి దాచుకునే 3,000 మెగావాట్లను మించిన కరెంటు ఒక్క క్షణంలో మాయమవుతుందని తేలింది. 2012లో చట్టం తెచ్చి సుమారు 3,15,000 కేంద్రాల ఇన్వర్టర్లను ఒక్కొక్కటిగా సరిచేయించారు.

ఆ ఇన్వర్టర్లకు అసలు ఫ్రీక్వెన్సీ ఎలా తెలుస్తుంది? ప్రతి ఇన్వర్టరూ తనున్న చోట వోల్టేజి తరంగాన్ని చూసి, దానితో అడుగు కలిపి నడిచే ఫేజ్ లాక్డ్ లూప్ అనే ఏర్పాటుతో ఫ్రీక్వెన్సీని, కోణాన్ని అంచనా వేసుకుంటుంది. 1932లో ఫ్రాన్స్‌లో ద బెల్లెసీజ్ రేడియోల కోసం వివరించిన పద్ధతి అది. ఒకప్పుడు ఎంఐటీ గదిలో జరిగిన పని ఇప్పుడు ఇంటి గోడ మీది పెట్టెలో సెకనుకు వేల సార్లు జరుగుతోంది. అది పొరపడితే? 2016 ఆగస్టు 16న కాలిఫోర్నియాలో బ్లూ కట్ అనే కార్చిచ్చు 500 కిలోవోల్టుల లైన్ల కిందికి వచ్చింది. మంటల వల్ల పదే పదే షార్ట్ సర్క్యూట్లు అయ్యాయి. ఒక దశలో సుమారు 1,200 మెగావాట్ల సోలార్ కరెంటు ఒక్కసారిగా ఆగింది. అందులో ఎక్కువ భాగం, దాదాపు 700 మెగావాట్లు, ఫ్రీక్వెన్సీ ప్రమాదకరంగా పడిపోయిందని ఇన్వర్టర్లు అనుకోవడం వల్ల పోయాయి. నిజానికి ఫ్రీక్వెన్సీ అంతగా పడలేదు. లోపం వల్ల తరంగం ఒక్క క్షణం చెదిరింది, ఆ చెదురును చూసి అవి తొందరపడ్డాయి. వారెన్ రోజుల్లో గోడ మీది పరికరం నిజం చెప్పింది, కేంద్రం పొరపడింది. ఇక్కడ తారుమారైంది.

జర్మనీలోనే ఇంకో ప్రయత్నం జరిగింది, అదీ నేర్చుకోదగ్గదే. మన లైన్‌మెన్ భాషలో ‘ఎల్‌సీ తీసుకోవడం’ అంటే లైను క్లియర్ చేయించుకుని స్తంభం ఎక్కడం. సబ్‌స్టేషన్‌లో స్విచ్ తీశారు, లైను చచ్చింది అనుకుని ఎక్కినవాడికి కింది వైపు ఇంటి కప్పు నుంచి కరెంటు వస్తూ ఉంటే ప్రాణం పోతుంది. కనుక పై లైను పోయిన సంగతి ఇన్వర్టరు తనంతట తాను గ్రహించి ఆగిపోవాలి. దీనికి జర్మనీ పెట్టిన షరతు ఇన్వర్టరు గ్రిడ్ ఇంపెడెన్స్‌ను, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డును, కొలుస్తూ ఉండడం. వెనకాల గ్రిడ్ ఉన్నప్పుడు ఇంపెడెన్స్ తక్కువ, గ్రిడ్ పోతే ఒక్కసారిగా పెరుగుతుంది. అది సగం ఓమ్ మేర దుమికితే 5 సెకన్లలో ఆగిపోవాలి. కొలవడానికి ఇన్వర్టరు గ్రిడ్‌లోకి ఒక చిన్న కరెంటు తట్టు పంపి, దానికి వోల్టేజి ఎంత కదిలిందో చూస్తుంది. ఒక వీధిలో ఒక ఇన్వర్టరు ఉంటే బాగానే ఉంటుంది. పది ఉంటే ఒకరి తట్టు మరొకరి కొలతలో పడి పొరపాట్లు మొదలయ్యాయి. ఊరి చివరి బలహీనమైన లైన్లలో ఉత్తపుణ్యానికి ఆగిపోయేవి. 2006లో ఆ హద్దును సడలించారు. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయంలో తెవోదొరెస్కు, బ్లాబ్యెర్గ్ బృందం ఈ ఇంపెడెన్స్ అంచనా మీద చేసిన పని ఆ రంగంలో పునాది వంటిది.

మన దగ్గర కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చిన్న ఉత్పత్తి కేంద్రాలకు నిబంధనలు తెచ్చింది. వోల్టేజి 110 శాతం దాటినా 80 శాతం కన్నా తగ్గినా రెండు సెకన్లలో, ఫ్రీక్వెన్సీ 50.5 దాటినా 47.5 కన్నా తగ్గినా 0.2 సెకనులో విడిపోవాలని వాటిలో రాశారు. జర్మనీ డబ్బు ఖర్చుపెట్టి సరిదిద్దుకుంటున్న ఒకే గీత పద్ధతినే మనం కొత్తగా రాసుకున్నాం. అప్పట్లో కప్పుల మీద పలకలు తక్కువ కనుక అది ఎవరికీ బాధ కలిగించలేదు. 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్లు లక్ష్యంగా పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. ఇప్పుడు లెక్క వేరు.

కింది లైన్లలో స్టేట్ ఎస్టిమేషన్ చెయ్యడానికి 1990ల మొదట్లోనే పునాది పడింది. నార్త్ కరోలినాలో బరన్, కెల్లీ 1994లో రాసిన వ్యాసం అందులో ముఖ్యమైనది. పై గ్రిడ్‌లో సాక్షులు అవసరానికి మించి ఉంటారు. కింద అసలు సాక్షులే ఉండరు. సబ్‌స్టేషన్‌లో ఫీడరుకు ఒక మీటరు ఉంటుంది, ఆ తర్వాత ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎంత లోడుందో పాత బిల్లుల నుంచి ఊహించుకోవాలి. ఇంజనీర్లు ఆ ఊహలను కూడా తక్కువ విలువ గల కొలతలుగా లెక్కలో చేరుస్తారు. సాయంత్రం ఏడింటికి ఇళ్లలో దీపాలు, టీవీలు, మధ్యాహ్నం ఫ్యాన్లు అన్నట్టు రోజు రోజుకూ ఒకే తీరు ఉన్నంత కాలం ఊహలు చెల్లాయి. కప్పు మీద సోలార్ వచ్చాక అదే ఇల్లు పొద్దున కరెంటు తీసుకుంటుంది, మధ్యాహ్నం ఇస్తుంది, మబ్బు పట్టగానే మళ్లీ తీసుకుంటుంది. నెట్ మీటరింగ్ బిల్లు ఈ రెంటినీ కలిపి ఒక్క అంకె చేస్తుంది. ఆ అంకెలో అసలు సంగతి మాయమైపోతుంది.

తెలుగు పల్లెల్లో తీగ చివర సమస్యంటే దశాబ్దాలుగా లో వోల్టేజే. బోరు మోటారు కాలిపోయాక రైతుకు తెలిసేది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్థలు పొడవాటి లోటెన్షన్ లైన్లకు బదులు పొలాల దగ్గరే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి తెచ్చింది ఆ బాధ తగ్గించడానికే. పట్టణాల కొత్త కాలనీల్లో ఇప్పుడు దానికి తలకిందులైన సమస్య వస్తుంది. సెలవు రోజు మధ్యాహ్నం, ఇళ్లలో ఫ్యాన్లు తప్ప ఏమీ నడవని వేళ, కప్పుల నుంచి కరెంటు పైకి ఎక్కుతుంది. చివరి ఇంట్లో వోల్టేజి 250 దాటుతుంది. ఇంకాస్త పెరిగితే ఇన్వర్టరు ఆగిపోతుంది. ఎండ బాగా ఉన్న వేళే పలకలు పనిచెయ్యడం లేదని ఇంటాయన ఫిర్యాదు చేస్తాడు. సబ్‌స్టేషన్ మీటరులో మాత్రం అంతా మామూలుగానే కనిపిస్తుంది.

దీనికి కావలసిన సాక్షులు ఇప్పుడు ఇంటింటికీ వస్తున్నారు. విద్యుత్ పంపిణీని మెరుగుపరచడానికి 2021లో మొదలైన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద పెడుతున్న స్మార్ట్ మీటర్లు అరగంటకో పావుగంటకో యూనిట్లతో పాటు వోల్టేజిని కూడా నమోదు చెయ్యగలవు. వాటిని బిల్లు వసూలు యంత్రాలుగా మాత్రమే చూస్తే దేశం పెట్టిన ఖర్చులో సగం ఫలితం చేజారిపోతుంది. ఏ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఏ ఫేజు మీద ఉందో చాలా చోట్ల రికార్డుల్లో సరిగా ఉండదు. లైన్‌మన్ మనసులో ఉంటుంది, ఆయన బదిలీ అయితే పోతుంది. ఈ వోల్టేజి రీడింగులను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే ఒకే ఫేజు మీది ఇళ్లు కలిసి పైకి కిందికి కదలడం తెలిసిపోతుంది. తప్పు రికార్డులను కూడా అదే పట్టిస్తుంది.

కనుక డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) ఇంజనీర్లు ముందుగా చెయ్యాల్సింది ఏ ఇల్లు ఏ ఫేజు మీద ఉందో చెప్పే జాబితాను సరిచేసి, స్మార్ట్ మీటరు వోల్టేజి రీడింగులను బిల్లింగ్ విభాగంతో పాటు ఆపరేషన్స్ విభాగానికీ అందించడం. కప్పు మీద సోలార్ పెట్టించుకునే ప్రతి ఇంటివారూ ఇన్‌స్టాలర్‌ను మూడు ప్రశ్నలు అడగాలి: మా ఇన్వర్టరు ఏ ఫేజు మీద ఉంది, దాని సెట్టింగులు ఏమిటి, అవి డిస్కం రికార్డులో నమోదయ్యాయా? జవాబులు కాగితం మీద రాయించుకోండి.